టైలరు మాస్టారి కడుపునొప్పి

పొద్దున కాఫీ తాగుతూనే టైలరు మాస్టారు ఒక పథకం వేశాడు. బల్ల మీద కూతురు నింపాల్సిన దరఖాస్తులు రెండున్నాయి. ఒకటి నర్సింగ్ శిక్షణకు. రెండోది, పెరోల్ మీద బయటికొచ్చిన ఖైదీలు మళ్ళీ దారి తప్పకుండా కనిపెట్టుకుని ఉండే ఉద్యోగానికి. సాయంత్రం ఐదులోగా ఏదో ఒకటే పంపాలి. పిల్ల వారంగా ఎటూ తేల్చుకోలేకపోతోంది. మాస్టారి మనసు నర్సింగ్ మీద ఉంది. ఒక్క పూట తనకు సేవ చేస్తే కూతురి మనసూ అటే మొగ్గుతుందని ఆయన ఆశ.

"అమ్మో, కడుపు!" అంటూ తొమ్మిదింటికి మంచమెక్కాడు.

కూతురు నోటుబుక్కు తెచ్చుకుని పక్కన కూర్చుంది. "ఎక్కడ నాన్నా?"

"ఎడమవైపు తల్లీ. తెల్లారుజామునుంచీ."

"మరి కాఫీ రెండుసార్లు అడిగి తాగావుగా?"

"అదీ... నొప్పి తెలీకుండా ఉంటుందని."

పథకం సంగతి తెలియని భార్య హడలిపోయి తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు. పదకొండయ్యేసరికి మాస్టారికి ఆపరేషనని వీధి ఈ చివర, ఇక కష్టమేనని ఆ చివర చెప్పుకున్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా గుడ్డలిచ్చినవాళ్ళే.

"ఎలా ఉంది మాస్టారూ? నా ప్యాంటు అయిందా?"

"ధైర్యంగా ఉండండి. పోనీ, నా గుడ్డ గుడ్డలాగే ఇచ్చేస్తారా?"

ఎల్లుండి పెళ్ళికొడుకు కాబోయేవాడు మాత్రం మంచం వైపైనా చూడకుండా గది మూలనున్న కుట్టుమెషీను దగ్గరికెళ్ళి తన నల్లకోటు లాగాడు. మాస్టారు ఒక్క గెంతులో మంచం దిగాడు.

"ఒరేయ్, లాగకురా! కోటు చేతులింకా కచ్చాకుట్టు మీదే ఉన్నాయి, ఊడొస్తాయి!"

కూతురు నోటుబుక్కు తెరిచింది.

"తొమ్మిదింటికి ఎడమవైపు నొప్పి. పదింటికి కుడివైపు. పదిన్నరకి నిద్రపోతానని తలుపేయమన్నావు. అప్పుడు మెషీనులో తెల్లదారం ఉంది, ఇప్పుడు నల్లదారం. తనంతట తనే మారిందా నాన్నా?"

కూతురు అరవలేదు. వచ్చినవాళ్ళను వరసగా నిలబెట్టి, "మీది బుధవారం, మీది శుక్రవారం. పెళ్ళికోటు రేపు పొద్దున. ఆయన మాట తప్పితే నన్నడగండి" అని సాగనంపింది. తర్వాత తండ్రికి మంచినీళ్ళిచ్చి, "ఎందుకు చేశావో చెప్పు. కోప్పడను" అంది.

ఆయన అంతా చెప్పేశాడు. ఆమె రెండో దరఖాస్తు దగ్గరికి లాక్కుంది.

"నువ్వు అబద్ధం చెప్తుంటే నాకు కోపం రాలేదు నాన్నా. ఎందుకు చెప్తున్నావో తెలుసుకుని, నిన్ను మళ్ళీ పనిలో కూర్చోబెట్టాలనిపించింది. ఇదే నా పని."

సంతకమైన ఆ కాగితాన్ని మాస్టారు ఎవరికీ ఇవ్వలేదు. తానే పట్టుకెళ్ళి, ఆఫీసు వరసలో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ చెప్పాడు: "ముప్పై ఏళ్ళుగా 'రేపిస్తా' అంటున్నానండీ, ఊరు ఊరంతా నమ్మింది. నా కూతురు ఒక్క పూటలో పట్టేసింది!"

మరుసటి నెల ఆయనకు నిజంగానే జ్వరం వచ్చింది. ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని కూతురికి చెప్పాడు.