అమ్మకానికి పెట్టని సామాను

శనివారం పొద్దున్న ఆరున్నరకే వెండెల్ ట్వీటెన్ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, ఇంటి ముందే పాత సామాను అమ్ముకునే గరాజ్ సేల్‌ల చిరునామాలు పేపర్లో చూసి వరసగా రాసుకుని, పికప్ ట్రక్కు స్టార్ట్ చేశాడు. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పాత సామాను మధ్య దాగిన విలువైన వస్తువును ఆయన కన్ను ఇట్టే పసిగడుతుందని మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో పేరు. పక్క సీట్లో భార్య ఆర్డిస్. ఒళ్లో పట్టేదైతేనే కొనాలని ఆవిడ ముందే షరతు పెట్టింది.

మూడో చిరునామాకి వెళ్లే దారిలో, జాబితాలో లేని ఇల్లొకటి కనిపించింది. గరాజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. పడవ, మంచు తోసే యంత్రం, వ్యాయామం సైకిలు, అట్టపెట్టెలు అన్నీ వాకిట్లో పరిచి ఉన్నాయి. మధ్యలో మడత కుర్చీ వేసుకుని ఎనభై దాటిన ముసలావిడ ఎండలో కూర్చుంది.

వెండెల్ చూపు ఆవిడ కాళ్ల దగ్గరున్న జాడీ మీద పడింది. కొలిమిలో ఉప్పు చల్లి మెరుపు తెచ్చిన పాతకాలపు మట్టి జాడీ. దాని పొట్ట మీద చేత్తో గీసిన నీలం పిట్ట. నూరేళ్ల నాటిది, వేలంలో వెయ్యి డాలర్లకు తక్కువ పలకదు. మొహంలో ఏమీ కనపడనీయకుండా, ముందు ఒక తుప్పు పార ఎత్తి చూసి పెదవి విరిచి, ఆ తర్వాత జాడీ ఎంతకిస్తారని అడిగాడు.

"నువ్వే చెప్పు నాయనా, ఎంతిస్తావు?" అంది ముసలావిడ కాస్త ఆశ్చర్యంగా.

"అయిదు డాలర్లు."

ఆవిడ నోటు అందుకుని స్వెట్టర్ జేబులో దోపుకుంది.

అక్కడితో వెళ్లిపోయినా బాగుండేది. కానీ వెండెల్ పికప్ ఆగిందంటే మంచి సరుకున్నట్టేనని పాతసామాను రాయుళ్లందరికీ తెలుసు. పది నిమిషాల్లో వీధి పొడుగునా కార్లు ఆగాయి. ముసలావిడకి సరిగా వినపడదు, ఎవరేమడిగినా నవ్వుతూ తలూపుతోంది. పాపం అనిపించి వెండెలే ధరలు చెప్పడం మొదలెట్టాడు. ఆర్డిస్ చిల్లర చూసుకుంది. తొమ్మిదయ్యేసరికి వాకిలి ఊడ్చినట్టు ఖాళీ అయింది.

అప్పుడొచ్చి ఆగిన కారులోంచి ఆ ఇంటాయన కర్ట్, భార్య జొలీన్ రంగు డబ్బాలతో దిగారు. గరాజ్ నేలకి రంగేద్దామని సామాను బయటపెట్టి, జొలీన్ తల్లి హల్దాని కాపలా కూర్చోబెట్టి, దుకాణానికి వెళ్లొస్తున్నారట.

"నా పడవేది?" అన్నాడు కర్ట్.

"అమ్మేశాం," అంది హల్దా సంతోషంగా. "ఈ అబ్బాయి ఎంత సాయం చేశాడనుకున్నావు!"

వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. కొన్నవాళ్లంతా తెలిసినవాళ్లేననీ, సాయంత్రానికల్లా అన్నీ తెచ్చి అప్పగిస్తాననీ మాటిచ్చాడు. ఆ రోజంతా ఇల్లిల్లూ తిరిగాడు. కొన్న ధరకి తిరిగిచ్చిన మహానుభావుడు ఒక్కడూ లేడు. పడవ కొన్నాయనైతే, ఆర్డిస్ ఆపిల్ ముక్కలతో ‘పై’ అనే తీపి వంటకం చేసిస్తానని ఒప్పుకున్నాకే తాడు విప్పాడు.

సాయంత్రం నిండు పికప్‌తో తిరిగొచ్చేసరికి, జొలీన్ కొత్త రంగుతో మెరుస్తున్న ఖాళీ గరాజ్‌ని అప్పుడే పుట్టిన మనవణ్ణి చూసినట్టు చూస్తోంది.

"పదకొండేళ్లయింది నేను ఈ నేల చూసి," అంది. "అవన్నీ మీరే ఉంచేసుకోండి."

వెనక నిలబడ్డ కర్ట్ పడవ అంచు ఒకసారి నిమిరి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

వెండెల్‌కి ఇంకో బరువు మిగిలి ఉంది. జాడీ తెచ్చి హల్దా ముందు పెట్టాడు. "అమ్మగారూ, ఇది వెయ్యి డాలర్లు చేస్తుంది. తెలిసే అయిదన్నాను. తీసుకోండి," అన్నాడు గట్టిగా, ఆవిడకి వినపడేట్టు.

హల్దా దాన్ని కాలితో మెల్లిగా వెనక్కి తోసింది. "ఇది మా అత్తగారిది. నలభై ఏళ్లు ఇందులో పులిసిన క్యాబేజీ కంపు కడిగాను. నువ్వడక్కపోతే, పట్టుకుపొమ్మని నేనే అయిదు డాలర్లు ఇచ్చేదాన్ని."

ఇంటికి చేరేదాకా వెండెల్ ఈల వేస్తూనే ఉన్నాడు. జాడీ వంటింటి కిటికీలో కుదురుకుంది.

మిగతా సామాను ఆర్డిస్ ఆ తర్వాతి శనివారం తమ వాకిట్లోనే అమ్మకానికి పెట్టింది, ఈసారి బోర్డు కట్టి మరీ. మొదటి బేరం కర్ట్‌ది. కారు వీధి చివర ఆపి, నడిచొచ్చి, బేరమాడకుండా తన పడవ తను కొనుక్కున్నాడు.

ఇంటికి మాత్రం తీసుకెళ్లకుండా, దాన్ని మీ గరాజ్‌లోనే ఉంచమని వెండెల్‌ని అడిగాడు.