కంచె మీద ఎర్ర పట్టీ

"చక్రం ఎక్కడ పెట్టావు గ్విలిమ్?"

"ఏ చక్రం?"

"సైకిలుకి ముందుండేది. నిన్న ఉంది, ఇవాళ లేదు."

వాదన మొదలై అప్పటికే రెండు కప్పుల టీ అయింది. ఇంతలో తువ్వాలు కోసం వెళ్ళిన గ్విలిమ్ తల్లి ఎలినెడ్, స్నానపు తొట్టి దగ్గర్నుంచి కేకేసింది. "ఒరే, ఇదేంట్రా, చక్రానికి స్నానం చేయిస్తున్నావా?"

గ్విలిమ్ దగ్గర అబద్ధాలు అయిపోయాయి. "పోనీ, కొండ మీదికి నీ వెనకాలే వస్తాను. అంతే," అన్నాడు భార్యతో.

"నువ్వు వెనకుంటే అది నేను దిగినట్టు కాదు, నువ్వు దింపినట్టు," అంది నెరిస్.

మూడేళ్ళ క్రితం ఇంటి వెనక కొండ మీంచి సైకిలు దిగుతూ ఆమె పడింది. భుజం దగ్గర నరాలు తెగి, ఎడమ చెయ్యి ఉండీ లేనట్టయింది. ఒంటి చేత్తో రొట్టె కోయడం నేర్చుకుంది, బూటు తాడు కట్టుకోవడం నేర్చుకుంది. రెండు బ్రేకులూ కుడిచేతి కింద ఒకే మీటకు పెట్టించుకుంది. మిగిలింది ఆ కొండ ఒక్కటే.

సైకిలును మోకాళ్ళ మధ్య ఇరికించి చక్రం తనే బిగించుకుంది. ఎలినెడ్ తను కుట్టిన ఎర్ర ఉన్ని పట్టీలో కోడలి ఎడమ చెయ్యి పెట్టి మెడకు కట్టింది. "దూరానికి కనబడతావులే," అంది.

సగం కొండెక్కేసరికి ఉన్ని గుచ్చుకుని, నెరిస్ పట్టీ విప్పి జేబులో కుక్కుకుంది. చేతిని జాకెట్టులోకి తోసి జిప్పు లాక్కుంది. జేబులోంచి పట్టీ ఎప్పుడు జారిందో చూసుకోలేదు. ఆ దారిన పోయే ఎవరో దాన్ని తీసి, దులిపి, కంచె కర్రకు తగిలించి వెళ్ళారు. దొరికింది చేతి తొడుగైనా, పిల్లల టోపీ అయినా ఆ వేల్స్ కొండల్లో అంతే. సొంతదారు వచ్చేదాకా కంచె కర్రే కాపలా. గ్విలిమ్ కూడా అలా ఎన్నో తగిలించినవాడే. కానీ పక్కింటి యోర్వెర్త్ కుక్కను తిప్పుతానని అరువు తెచ్చుకుని, భార్య వెనకే కొండెక్కుతున్న మనిషికి అది సాయం కోసం ఎగరేసిన జెండాలా కనబడింది.

"అమ్మా! పట్టీ కంచె మీదుంది, మనిషి లేదు!" అని ఫోనులో అరిచాడు.

ఎలినెడ్ అప్పటికి ఊరి చిన్న చర్చిలో, అదే చాపెల్లో, ఆదివారం ప్రార్థనలో ఉంది. లేచి నిలబడి, "మా కోడలు కొండ మీద పడిపోయింది," అంది. ఆ ఊళ్ళో కొండ రక్షణ దళమంటే వేరే ఎవరో కాదు, కీర్తన పాడుతున్న ఆ మగవాళ్ళ వరసే. పాట చరణం మధ్యలో ఆగిపోయింది. గుమ్మం దాటేసరికి వాళ్ళ మాటల్లో నెరిస్ కాలు విరిగింది. కార్లెక్కేసరికి నడుం విరిగింది. కొండ కిందికి చేరేసరికి హెలికాప్టరు ఎక్కడ దిగాలన్నది తగువైంది.

"ఈనిన గొర్రెలున్నాయయ్యా! నా పొలంలో వద్దు, పక్కదాంట్లో దింపుకోండి!" అంటున్నాడు యోర్వెర్త్.

గ్విలిమ్ ఈలోపు అడ్డదారి పట్టాడు. ఆ దారిలో ఊబి ఉందని కుక్కకు తెలుసు. అది ఆగింది.

శిఖరం మీద చాక్లెట్టు తింటున్న నెరిస్ కిందికి చూసింది. ఆదివారపు కోట్లు, టోపీలు, కొండంతా చాపెల్లే.

"ఎవరు తప్పిపోయారు?" అని అరిచింది.

"నువ్వే!" అని నాలుగు శ్రుతుల్లో జవాబొచ్చింది.

"నేనిక్కడున్నానుగా!"

అందరూ నోళ్ళు మూశారు. అప్పుడు వినబడింది ఊబిలోంచి, "నేనిక్కడున్నాను!" అని.

గ్విలిమ్ నడుందాకా దిగిపోయాడు. అతని దగ్గరికి దగ్గర దారి ఒక్కటే, మూడేళ్ళ క్రితం ఆమెను పడేసిన రాళ్ళ దిగుడు. నెరిస్ చాక్లెట్టు కాగితం జేబులో పెట్టుకుని, చక్రాన్ని అటు తిప్పింది. బరువు వెనక్కి వేసి, మీట మీద రెండు వేళ్ళుంచి, రాయి తర్వాత రాయి దిగింది. ఒకచోట వెనక చక్రం జారింది. ఆమె జారలేదు. ఎలినెడ్ పక్కావిడను మోచేత్తో పొడుస్తూనే ఉంది. "మా కోడలు. చూశావా? మా కోడలు."

నెరిస్ సైకిలును ఊబి అంచున అడ్డంగా పడేసి, దాని మీద బోర్లా పడుకుని కుడిచెయ్యి చాచింది.

"పట్టుకో. జాగ్రత్త, నాకున్నది ఇదొక్కటే."

గ్విలిమ్ బయటికొచ్చాడు. ఎడమకాలి బూటు రాలేదు.

మధ్యాహ్నం అందరూ బల్ల ముందు కూర్చున్నాక, నెరిస్ బంగాళాదుంపల గిన్నె పక్కకు జరిపి, గొంతు పెంచకుండా చెప్పింది. "వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను. ఒక్కదాన్నే."

ఎలినెడ్ కోడలి పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేసింది. గ్విలిమ్ బల్ల కింద తన కాళ్ళకేసి చూసుకున్నాడు. వెంట వెళ్ళడానికి అతని దగ్గర ఒక్క బూటే ఉంది.