గాలిలో వచ్చిన సీరియల్

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చిన్నదే. తుంటి ఎముక విరిగి పొరుగూరి ఆసుపత్రిలో మంచం పట్టిన అక్కకు సీరియల్ చూపించాలి. వార్డులో టీవీ లేదు, సీరియల్ లేనిదే అక్క మందు మింగదు. అందుకని కొట్లో టీవీకి ఎదురుగా దారపు రీళ్ల డబ్బా మీద ఫోను నిలబెట్టి, ఇంటర్నెట్‌లో లైవ్ పెట్టి, లింకు పంపి, తన మానాన తాను చొక్కా కుట్టుకోసాగాడు.

అక్క ఊరుకుంటేగా! లింకు వార్డంతా పంచింది. వార్డు తన చుట్టాలకు పంచింది. వారం తిరక్కుండా వేలమంది చూడసాగారు. సీరియల్‌తో పాటు వాళ్లకు కుట్టుమిషను చప్పుడూ, కాజాలు కుడుతూ సీరియల్లో అత్తగారిని దుమ్మెత్తిపోసే దర్జీ భార్య గొంతూ కొసరుగా అందేవి.

చివరికి చానెల్ లాయరు కొట్టుకే వచ్చాడు. అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో తిరిగి ప్రసారం చేస్తే కాపీరైటు చట్టం ఊరుకోదనీ, ఆపకపోతే కోర్టుకీడుస్తామనీ చెప్పాడు. దర్జీకి ఒళ్లు మండింది.

"గాలిలో వచ్చింది, మా యాంటెన్నా పట్టింది. మా అక్కకి చూపించుకుంటే తప్పేంటండీ?"

"మీ కొట్లోకొచ్చిన గుడ్డ మీదైపోతుందా?" అన్నాడు లాయరు.

ముప్పై ఏళ్లుగా గుడ్డ ముక్క కూడా దాచుకోని దర్జీ లైవ్ ఆపేయబోయాడు. అతని భార్య మాత్రం లేచి, టీవీ శబ్దం తీసేసి, ఫోనును తన వైపు తిప్పుకుంది.

"మొహం నాది, నోరు నాది. ఇక నేను చూస్తా, నేనే చెప్తా. వదినా, ముందు మందు మింగు."

చెప్పింది తక్కువ, తిట్టింది ఎక్కువ. చూసేవాళ్లు రెట్టింపయ్యారు. లాయరు వచ్చిన దారినే పోయాడు.

పది రోజుల తర్వాత దర్జీ కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సీరియల్ ప్రకటనలో తన భార్యే అత్తగారిని తిడుతోంది! చానెల్ ఆమెను అడిగిన పాపాన పోలేదు. మరుక్షణం కొట్టుకు తాళం వేసి, భార్యను వెంటబెట్టుకుని లాయరు ఆఫీసుకు వెళ్లాడు.

"అది ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తున్నదే కదండీ," అని నసిగాడు లాయరు.

"మీ ఆఫీసుకొచ్చిన గుడ్డ మీదైపోతుందా?" అన్నాడు దర్జీ. ఆ మాట అనడం కోసమే పుట్టినంత హాయిగా ఉంది అతనికి.

చానెల్ దిగొచ్చింది. క్షమాపణ చెప్పి, దర్జీ కోరినట్టే వార్డులో పెద్ద టీవీ పెట్టించింది.

అక్క ఇప్పుడు ఆ టీవీ శబ్దం తీసేసి, ఫోనులో మరదలి తిట్లు వింటూ మందు మింగుతోంది.