ఆకులో పసుపు రంగుకు పోస్టు లేదు

ఆకుపచ్చ రంగుకు గెజిటెడ్ హోదా ఉంది. ఇందులో వాదనకు తావు లేదు. ఆఫీసు వేళలు మొదలుకాకముందే సూర్యుడు ఆకుల మీద పడరాదని 1983లో నంద్యాలలోని ప్రయోగసామగ్రి మంజూరు కార్యాలయం సర్క్యులర్ కూడా ఇచ్చింది. (సూర్యుడి నుంచి ఇంతవరకు జవాబు రాలేదు.)

ఆకుపచ్చ సిరాతో సంతకం చేసే హక్కు ఆ ఆఫీసులో అధికారి కృష్ణస్వామిగారు ఒక్కరికే ఉండేది. ఆళ్లగడ్డ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే కృపావతి రెండు సీసాల ఎసిటోన్ కోసం ఆయన దగ్గరికి నాలుగోసారి వచ్చింది. దాంతో ఆకులోని రంగులను కాగితం మీద విడదీసి చూపాలి. మర్నాడే ప్రాక్టికల్ పరీక్ష. ఎసిటోన్ లేకపోతే నలభై మంది పిల్లలు ఫెయిలవుతారు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"పత్రహరితం సరేనమ్మా. ఈ పసుపు రంగు, కెరోటినాయిడ్ అంటాండారే, దానికి పోస్టు మంజూరైందా?" అన్నారు కృష్ణస్వామిగారు.

"పత్రహరితానికి సరిగా అందని వెలుతురు కొంత ఉంటాది సార్. దాన్ని ఇది పట్టుకొని, ఆ శక్తిని పత్రహరితానికి అందిస్తాది. ఎండ మరీ ఎక్కువైతే, మిగులు శక్తిని వేడిగా బయటికి వదిలి పత్రహరితాన్ని కాపాడతాది."

"సొంతంగా ఆహారం చేస్తాదా?"

"లేదు సార్."

"మరి దేనికమ్మా? అట్లాంటిది మా ఆఫీసులో ఒక్కటి చూపీ."

అప్పుడే వరండాలో సంజీవయ్య మాస్టరు కేకలేస్తున్నాడు. "మైక్రోస్కోపు కోసం మూడు నెల్లుగా తిరుగుతాండా. మీ సారు యాడప్పా?" రోజుకు ఒక్క అర్జీదారును మించి అధికారి చూడరు (రూలు). అటెండరు సామ్యేలు నవ్వుతూ మాస్టరుకు మంచినీళ్లిచ్చి, తిట్లన్నీ తానే తిని, ఆయన కాగితం తీసి కట్టలో పెట్టాడు.

కృపావతి సామ్యేలును చూసింది, అధికారిని చూసింది, బయటికొచ్చింది.

"అంతా విన్నాలేమ్మా. కాగితం ఈడ ఇయ్యి," అన్నాడు సామ్యేలు.

కట్ట బల్ల మీదికెళ్లింది. సామ్యేలు వేలు పెట్టిన చోటల్లా కృష్ణస్వామిగారు చదవకుండా పదకొండు సంతకాలు చేశారు. నాలుగో కాగితం ఎసిటోన్, ఏడోది మైక్రోస్కోపు.

పిల్లలందరూ పాసయ్యారు. నలభై కాగితాల మీదా పసుపు గీతే అన్నిటికంటే పైకెక్కింది. పొంగిపోయిన కృపావతి ఆ సంగతి ఆఫీసుకు రాసింది. నెల తిరక్కుండానే ఉత్తర్వు వెలువడింది: "పసుపు రంగు చేసిన సేవలను ఈ కార్యాలయం గుర్తించినది. అందుకుగాను ఆకుపచ్చ రంగును అభినందించడమైనది."

ఆ ఉత్తర్వులో సంతకం ఎక్కడ చేయాలో వేలు పెట్టి చూపింది సామ్యేలే.