నూట ఆరుకి ఆరు

బరంపురం పెద్దజాతి శునక యజమానుల సంక్షేమ సంఘం వారు తొలిసారిగా నిర్వహించిన తుంటి ఎక్స్‌రే పరీక్షల ఫలితాలు ఆదివారం ఉదయం శుభముహూర్తాన విడుదలయ్యాయి. మొత్తం పదకొండు కుక్కలు హాజరయ్యాయి. నూట ఆరు మార్కులకుగాను ఎనభై ఒకటి సాధించి, సంఘాధ్యక్షులు వైకుంఠరావుగారి సెయింట్ బెర్నార్డ్ కుక్క సుల్తాన్ పట్టణ ప్రథముడిగా నిలిచాడు. ఆరంటే ఆరే మార్కులతో, పప్పుల వ్యాపారి జగ్గారావు ఇంటి జర్మన్ షెపర్డ్ భైరవ ఆఖరివాడయ్యాడు.

పరీక్ష న్యాయంగానే జరిగింది. ప్రతి కుక్కకీ మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు రెండూ తిన్నగా లాగి పట్టుకుని ఫొటో తీశారు. ఒకరిని చూసి ఒకరు రాసే అవకాశం లేదు. ఫొటోలు విదేశీ నిపుణులు దిద్దారు. మార్కులు దేనికి వేస్తారో వివరించే నాలుగు పేజీల కాగితం కూడా రిపోర్టుతో వచ్చింది గానీ, అది ఇంగ్లీషులో ఉంది. తెలుగువాళ్ళకీ ఒడియావాళ్ళకీ సమానంగా అర్థమయ్యేవి అంకెలే కనుక సంఘం అంకెలతో సరిపెట్టుకుంది.

జగ్గారావు దైవభక్తి గలవాడు. దీపం పెట్టనిదే తక్కెడ ముట్టుకోడు. ఇలాంటి ఇంటికి ఇది రెండో దెబ్బ. నెలన్నర క్రితమే కూతురు సాయిపద్మకు ప్లస్ టూ లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చాయి. నాటి నుంచి ఆ పిల్లతో ఆయన మాట్లాడడం లేదు. ఇప్పుడు భైరవతో కూడా మానేశాడు. ఇంట్లో ఇక మాట్లాడడానికి భార్య పుణ్యవతీ, దేవుడూ మిగిలారు.

గోపాలపూర్‌లో హోటల్ నడిపే శ్యామసుందర్ తన ఆడకుక్కకు భైరవతో ఖాయం చేసుకున్న సంబంధాన్ని ఫోన్లోనే వదులుకున్నాడు.

"ఏటనుకోకు జగ్గన్నా. మా పిల్ల ఇరవై రెండు తెచ్చుకుంది. ఆరు మార్కులోడికి ఎలాగిచ్చీమంటావు, నువ్వే సెప్పు."

ఆ పిల్లను సుల్తాన్‌కే ఇచ్చాడు. జాతులు వేరు కదా అన్నవాళ్ళతో, మార్కుల ముందు జాతి ఏమిటని అభ్యుదయంగా మాట్లాడాడు. సుల్తాన్‌కు పుట్టబోయే పిల్లల కోసం పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు ముందే పేర్లు రాయించుకున్నారు. పక్కనున్న రంభ ఊళ్ళో ఒకాయన తుంటి కోచింగ్ సెంటర్ తెరిచి, కుక్కను రోజుకు రెండు పూటలా లారీ మీంచి దూకిస్తే మార్కులు పెరగడం గ్యారంటీ అని బోర్డు కట్టాడు. ఆ బోర్డులో అబద్ధమేమీ లేదని తర్వాత తెలిసింది.

సన్మానసభ ఘనంగా జరిగింది. వేదికకు నాలుగే మెట్లు. సుల్తాన్ మొదటి మెట్టు ముందు కూలబడ్డాడు. నలుగురు కార్యవర్గ సభ్యులు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఉత్సవ విగ్రహంలా పైకి మోశారు. వైకుంఠరావుగారు శాలువా కప్పి ప్రసంగించారు.

"ఈడు ఎక్కడా ఎగరడు, గెంతడు. ఏటంటే, నిండు కుర్రోడు. మార్కులు లేనోళ్ళే ఈదుల్లో పరుగులెడతారు. మన పిల్లలు ఈణ్ణి సూసి నేర్చుకోవాలి."

సరిగ్గా అప్పుడే భైరవ, సాయిపద్మ చేతిలోని గొలుసు విడిపించుకుని, నాలుగు మెట్లూ ఒక్క గంతులో దాటి, సుల్తాన్ మూతి నాకాడు. సభ సిగ్గుతో తల దించుకుంది. జగ్గారావు అందరికన్నా ఎక్కువగా దించుకున్నాడు.

ఇంటికి వస్తూనే పుణ్యవతితో చెప్పాడు. "ఈణ్ణి పొలసర పంపించేద్దాం. మీ అన్నయ్య రైస్‌మిల్లు కాడ పడుంటాడు. శుక్రవారానికి బండి మాట్లాడేసేను."

"ఆణ్ణొగ్గి మన పిల్ల ఉండగలదేటి?" అంది పుణ్యవతి.

"ఆ ముప్పై ఎనిమిదీ, ఈ ఆరూ ఒకదాన్నొకటి సూసుకునే పాడయ్యేయి," అన్నాడు జగ్గారావు.

పొలసరలో చూపించడానికి టీకాల కాగితం కావాలి. బుధవారం తండ్రీకూతుళ్ళు భైరవను తీసుకుని, ఎక్స్‌రేలు తీసిన డాక్టరమ్మ లక్ష్మీప్రసన్న దగ్గరికి వెళ్ళారు. కుక్కను పంపించేస్తున్నారని విని ఆమె కారణం అడిగింది. జగ్గారావు గొంతు తగ్గించి ఆరు మార్కుల సంగతి చెప్పాడు.

సాయిపద్మ మధ్యలో అంది. "డాక్టర్‌గారూ, ఈ మార్కులు అసలు దేనికేసేరండీ?"

ఈ ప్రశ్న బరంపురంలో అప్పటివరకూ ఎవరూ అడగలేదు.

డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకు పెట్టింది. "సూడమ్మా, ఇది తుంటి గిన్నె. ఇందులో తొడ ఎముక గుండు సరిగ్గా కూర్చుందా లేదా అని ఒక్కో పక్క తొమ్మిది విషయాలు సూస్తారు. తేడా ఉన్న ప్రతిచోటా ఓ అంకె పడుతుంది. ఇవి మార్కులు కావు, తప్పులు. సున్నా వస్తే అందరికన్నా మంచిది. మీవాడి తుంటి మేలైనది. పాపం, ఆ సుల్తానే అడుగు తీసి అడుగేసినప్పుడల్లా నొప్పి ఓర్చుకుంటున్నాడు."

"మరి సభలో సెప్పలేదేటమ్మా?" అన్నాడు జగ్గారావు.

"సెప్పబోయేనండి. మైకివ్వలేదు."

జగ్గారావు అక్కణ్ణుంచి తిన్నగా వైకుంఠరావుగారి ఇంటికి వెళ్ళి విషయం విన్నవించాడు. అధ్యక్షులవారు ఏమాత్రం చలించలేదు.

"నాకూ నిన్ననే తెలిసింది జగ్గారావ్. ఏటి సేస్తాం, శాలువా కప్పేసేం కదా. ఫ్లెక్సీలు కట్టేసేం. ఇప్పుడు తప్పంటే సంఘం పరువేటవుద్ది?"

"మరి పుట్టబోయే పిల్లలు ఎలాగ నడుస్తాయి బాబూ?" జగ్గారావు మెల్లగా అడిగాడు.

"పద్దెనిమిది ఇళ్ళలోనూ ఏసీలున్నాయి. నడిసి ఎక్కడికెళ్ళాలి?"

ఆ సాయంత్రమే కార్యవర్గం సమావేశమై, బరంపురం పరిధిలో ఎక్కువ అంకెనే మేలైనదిగా పరిగణించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవంలో, తనూ కార్యవర్గ సభ్యుడే కనుక, జగ్గారావు చెయ్యి కూడా ఉంది. ఆయన పప్పుల కొట్టుకు ఆ సభ్యులే ఖాతాదారులు.

ఇంటికి మాత్రం ఆయన గర్వంగా వచ్చాడు. భైరవ గొలుసు విప్పి, మెడ నిమిరి, కొబ్బరిముక్క పెట్టాడు. "మనోడు టౌన్ ఫస్టే. ఊరికి తెలీదు గానీ దేవుడికి తెలుసు," అన్నాడు పుణ్యవతితో. వాణ్ణి ఎక్కడికీ పంపేది లేదన్నాడు.

సాయిపద్మ గుమ్మంలో నిలబడి నెలన్నర తర్వాత తండ్రిని పలకరించింది. "నాన్నా, నా ముప్పై ఎనిమిది దేనికేసేరో కూడా ఒకపాలి అడుగుతావేటి? ఆ పరీక్షనాడు నాకు నూటమూడు జొరం."

"అదేరు. నీది పరీక్ష," అన్నాడు జగ్గారావు. అని, పూజగది వైపు చూసి దండం పెట్టుకున్నాడు. తర్వాత భార్యతో అన్నాడు. "పొలసరలో మీ అన్నయ్య ఇంటి పక్కన ఎవరో రిటైర్డు లెక్కల మాస్టారున్నారన్నావు కదా. ఏడాదిపాటు అక్కడుంటే బుద్ధిగా సదువుకుంటాది. ఎలాగూ శుక్రవారానికి బండి మాట్లాడేసేం."

శుక్రవారం ఉదయం బండి వేళకే వచ్చింది. సాయిపద్మ పెట్టె పట్టుకుని వెనక కూర్చుంది. భైరవ వీధి చివరి వరకూ, అది దాటి పెద్దరోడ్డు మలుపు వరకూ బండి వెంట పరుగెత్తాడు. తుంటి ఎంత చక్కగా పనిచేస్తోందో అని చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.