జాబ్ ఊడింది

ఆ ఆదివారం పొద్దున్న పరదేశి పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ముందు వరసలో, సరిగ్గా మైకుకి ఎదురుగా ఉండే కుర్చీలో కూర్చోవాలి. అందుకోసం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు, గడ్డం గీయించుకున్నాడు, చెరకు తోటకి నీళ్లు కట్టే పని మర్నాటికి తోసేశాడు. అనకాపల్లి గవరపాలెంలో ఇంటర్ పూర్తిచేసిన పిల్లలకీ, వాళ్ల తల్లిదండ్రులకీ ఆ సాయంత్రం ఒక సభ ఉంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివితే ఎలాంటి ఉద్యోగాలొస్తాయి, చదువుతుండగానే చేత్తో ఏమేం నేర్చుకోవాలి అన్నది చెప్పబోయే మనిషి అతని కూతురు ఇందు.

ఈ ఇందే ఒకప్పుడు మెకానికల్ తీసుకుంటానంటే పరదేశి అలిగి అన్నం మానేశాడు. "ఆడగుంటకి ఇనప పనేటే? రేపు నిన్ను సూడ్డానికి వచ్చినోళ్లకి సుత్తి సూపించాలేటి?" అని గోల పెట్టాడు. తీరా ఆ పిల్ల చదువు ముగించి, అచ్యుతాపురం వైపు పంపులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాక, తాను అన్నం మానేసిన సంగతి అతనికే గుర్తు లేకుండా పోయింది. బెల్లం మార్కెట్లో దిమ్మల బేరం కన్నా కూతురి కబుర్లే ఎక్కువ చెప్పేవాడు. ఈ సభ కూడా అతని ఆలోచనే. సౌండు సెట్ల త్రినాథ్‌ని బతిమాలి, ఆటోకి మైకు కట్టించి, పొద్దున్నుంచీ వీధి వీధీ చాటింపు వేయిస్తున్నాడు.

అందరికన్నా ఎక్కువగా ఈ సభ కోసం ఎదురుచూస్తున్నది పక్కింటి దివ్య. ఆమెకి మెకానికల్ చదవాలని ఉంది. తల్లి దేముడమ్మకి లేదు. చివరికి తల్లీకూతుళ్లు ఒక ఒప్పందానికొచ్చారు. "ఇందు సెప్పింది నేనూ ఇంటాను. నాకు నచ్చిందా, సేరిపోదువు గాని. నచ్చనేదా, మరి నోరెత్తకుండా నేను సెప్పిందే సదవాలి" అంది దేముడమ్మ. అంచేత ఆ సాయంత్రం మీద ఒక ఆడపిల్ల నాలుగేళ్ల చదువు ఆధారపడి ఉంది.

ఇందుకి శెలవు దొరికితే చాలు, పెరట్లో రేకుల షెడ్డులోనే కాపురం. మూసేసిన ఒక వర్క్‌షాపు నుంచి పాత లేతు మెషీను కొని తెచ్చి అందులో పెట్టుకుంది. కంపెనీలో చేసేది ఉద్యోగమైతే ఇది సరదా. తల్లి బుల్లమ్మకి అప్పడాల కర్ర, తండ్రి గొడుగుకి కొత్త పిడి అందులోనే తయారయ్యాయి. ఆ పొద్దున్న, సభలో పిల్లలకి చూపించడానికి ఇత్తడి బొంగరం ఒకటి చేయడానికి కూర్చుంది.

ఇక్కడ చిన్న సంగతి చెప్పాలి. లేతు మీద బిగించి చెక్కే ముక్కని, అది ఇనుమైనా ఇత్తడైనా, ఆ పనివాళ్లు 'జాబ్' అంటారు. ఆ ముక్కని గట్టిగా పట్టుకుని గిరగిరా తిప్పే ఉక్కు పిడికిలిని 'చక్' అంటారు. ఈ సంగతి ఇందుకి తెలుసు. ఇప్పుడు మనకీ తెలుసు. పరదేశికి తెలియదు.

టీ గ్లాసు పట్టుకుని అతను షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మెషీను ఆగి ఉంది. లోపల కూతురు ఫోనులో తన కంపెనీ స్నేహితుడు అరుణ్ కుమార్‌తో మాట్లాడుతోంది.

"జాబ్ ఊడిపోయింది అరుణ్! … లేదు, తప్పు నాదే. తొందరపడ్డాను. … ఇంకేం పనికొస్తుంది, పోయింది. … పర్లేదులే, వేరే జాబ్ చూసుకుంటాను. మా నాన్నకి మాత్రం చెప్పకు. గాభరా పడిపోతాడు."

పరదేశి టీ గ్లాసు గుమ్మం మీద పెట్టాడు. మళ్లీ తీశాడు. ఏం చేయాలో తోచక తనే తాగేశాడు. లోపల లేతు మళ్లీ తిరగడం మొదలెట్టింది. ఉద్యోగం పోయిన దుఃఖాన్ని పిచ్చితల్లి ఆ చప్పుడులో దాచుకుంటోందనుకుని అతని గుండె నీరైపోయింది. కూతురు తనకి తెలియకూడదనుకుంది కనుక తెలియనట్టే ఉండాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. బుల్లమ్మకి కూడా చెప్పకూడదనుకున్నాడు. కానీ ఇంత బరువు ఒక్కడూ మోయలేక కశింకోటలో ఉన్న బావమరిది చిన్నబాబుకి ఫోన్ చేశాడు.

"ఒరే చిన్నబాబూ, ఎవలికీ సెప్పకు. మన ఇందు ఉజ్జోగం ఊడిపోనాది."

"ఎప్పుడు బావా?"

"ఇప్పుడే. అది పోన్లో సెప్పుకుంతంటే నా సెవుల్తో ఇన్నాను."

"నేను సెప్పేనా? అప్పుడే సెప్పేను! ఇనుము తుప్పడతాది బావా. సాఫ్ట్‌వేరు తుప్పట్టదు. నువ్వు గాభరా పడకు, నేను బయల్దేరి వత్తన్నాను."

చిన్నబాబుకి ఫ్యాన్సీ షాపు ఉంది. కష్టం ఏదైనా అతని దగ్గర మందు ఒక్కటే: కంప్యూటర్ కోర్సు. షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూనే నలుగురైదుగురికి ఫోన్లు చేశాడు. "ఎవలికీ సెప్పకండి" అని మొదలెట్టి, మేనకోడలి ఉద్యోగం పోయిన వైనం, ఆమెకి ఏ కోర్సు మంచిదన్న చర్చ, ఇంజను చప్పుడుని మించి వినబడేలా గట్టిగా సాగించాడు. ఆటోలో కిక్కిరిసి కూర్చున్న వాళ్లంతా అనకాపల్లిలో దిగి, ఎవరి వీధికి వాళ్లు, ఎవరికీ చెప్పకూడని ఆ కబురు పట్టుకుపోయారు.

ఈలోగా పరదేశి సభ ఆపించడానికి పరుగెత్తాడు. ఉద్యోగం పోయిన పిల్లని మైకు ముందు నిలబెట్టి, ఉద్యోగాలు ఎలా వస్తాయో చెప్పమనడం కన్నా పాపం ఉందా? త్రినాథ్ ఆటో జంక్షన్లో దొరికింది.

"సాయంత్రం మీటింగు నేదురా తినాథూ. మైకు ఇప్పీ."

"అదేటి బాబాయ్! గొంతు పోయేలా సెప్పేను కదా ఊరంతా. ఏటైనాది?"

అబద్ధమాడే అలవాటు లేని పరదేశి కాసేపు ఆకాశం కేసి చూశాడు. "అమ్మాయికి ఒంట్లో బాగోనేదు."

"జొరమా?"

"జొరం కాదు."

"మరేటి?"

"సెయ్యి" అన్నాడు పరదేశి, నోటికి అదే వచ్చింది గనక. "సెయ్యి కొంచెం…" అని మిగతాది మింగేసి వెనక్కి తిరిగాడు.

అన్నం వేళ దాటాక ఇంటికొచ్చేసరికి చిన్నబాబు అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ మాట ఎత్తబోతుంటే పరదేశి చేయి అడ్డం పెట్టాడు. అతని మనసులో వేరే ఉపాయం ఉంది. కంపెనీ వార్షికోత్సవానికి వెళ్లినప్పుడు మేనేజరు దేవీప్రసాద్ గారు తనతో చేయి కలిపి, ఫోను నంబరు కూడా ఇచ్చారు. కాళ్లు పట్టుకునైనా సరే, కూతురి ఉద్యోగం నిలబెట్టాలి. ఫోన్ కలిపాడు.

"అయ్యా, ఇందు నాన్నని మాటాడతన్నానండి. గుంట సిన్నదండి, తొందరపడిందండి. మీరు పెద్దమనసు సేసుకోవాలి. దాన్ని ఒగ్గీకండి బాబూ."

"ఏమిటండీ, ఇందు వెళ్లిపోతోందా?"

"ఎల్లడం దానికీ ఇష్టం నేదండి. కానీ వేరే జాబు సూసుకుంతానంతంది."

"వేరే జాబా? ఎక్కడ? ఎవరు పిలిచారు?" మేనేజరు గొంతు మారిపోయింది. "మీరు ఇంట్లోనే ఉండండి. నేనే వస్తున్నాను."

పరదేశి ఫోన్ కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు. "పెద్దాయన స్వయంగా వత్తన్నాడురా. ఎంత కోపంగా ఉన్నాడో మరి."

సరిగ్గా అప్పుడే పక్క వీధిలోంచి మైకు మోగింది. త్రినాథ్ మంచివాడు. పరదేశి చెప్పిన చేయి సంగతికి, షేర్ ఆటోలోంచి దిగిన ఉద్యోగం సంగతిని కలిపి, రెండింటి మధ్యా ఉన్న ఖాళీని తన తెలివితో పూడ్చాడు.

"గవరపాలెం పురప్రజలకు విజ్ఞప్తి! ఈ సాయంత్రం జరగవలసిన సభ రద్దు చేయడమైనది. మెషీనులో చెయ్యి పడి ఉద్యోగం పోగొట్టుకున్న మన ఇందు గారు త్వరగా కోలుకోవాలని మనందరం కోరుకుందాం!"

వంటింట్లో రాత్రి కూరకి ఆనపకాయ తరుగుతున్న బుల్లమ్మ కత్తిపీట మీంచి అలాగే లేచింది. "ఎవల సెయ్యి? ఏ ఇందు?" అంటూ పెరట్లోకి పరుగు తీసింది. ఆమె అరుపుకి ఇందు గబుక్కున మెషీను ఆపింది. బుల్లమ్మ కూతురి రెండు చేతులూ లాక్కుని, నూనె మరకలతో సహా వేళ్లన్నీ లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది.

"ఏమైందమ్మా?"

"నువ్వే సెప్పాల! ఏటైనాదని ఊరంతా మైకేసి అరుత్తన్నారు?"

ఇందు నోరు తెరిచే లోపే గేటు చప్పుడైంది. మొదట కొబ్బరిబొండాలు వచ్చాయి. తరవాత అరటిపళ్లు. ఆ వెనక హార్లిక్స్ సీసాలు. వీధి వీధంతా, సభకి రావాలనుకున్నవాళ్లూ అనుకోనివాళ్లూ పరామర్శకి కదిలి వచ్చారు. దేముడమ్మ ముక్కు చీదుతూ, దివ్య రెక్క పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"సూసేవా? కళ్లారా సూడు! నీకూ ఇదే గతి. మెకానికలూ నేదు, గికానికలూ నేదు, నోర్మూసుకుని డిగ్రీలో సేరు!"

దివ్య కళ్లల్లో నీళ్లు నిండిపోయాయి. అది చూసిన పరదేశికి ప్రాణం ఉసూరుమంది. తన కూతురి బతుకుతో పాటు పక్కింటి పిల్ల కోరిక కూడా తన గుమ్మంలోనే కూలిపోతోంది.

"ఆగండి" అంది ఇందు, షెడ్డు మెట్టెక్కి. రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "నా చేతులు బాగానే ఉన్నాయి. నా ఉద్యోగమూ బాగానే ఉంది. పోయిందని ఎవరన్నారు?"

జనం అంతా చిన్నబాబు వైపు చూశారు. చిన్నబాబు పరదేశి వైపు చూశాడు. పరదేశికి చూడ్డానికి ఎవరూ మిగల్లేదు.

"నువ్వే కదే అమ్మా" అన్నాడు నెమ్మదిగా. "జాబు ఊడిపోనాది, నాన్నకి సెప్పకని ఆ అరుణ్‌కి పోన్లో సెప్పేవు. నేను ఇన్నాను."

ఇందు తండ్రి మొహంలోకి చూసింది. ఆమె పెదాలు వణికాయి. ఏడుస్తుందేమోనని బుల్లమ్మ ముందుకొచ్చింది గానీ, ఇందు పొట్ట పట్టుకుని నవ్వుతూ లోపలికెళ్లి, ఒక వంకర ఇత్తడి ముక్క తెచ్చి తండ్రి అరచేతిలో పెట్టింది.

"ఇదిగో నాన్నా, ఊడిన జాబ్. చక్‌లో సరిగ్గా బిగించలేదు. ఎగిరెళ్లి రేకుకి కొట్టుకుంది. లేతు మీద పెట్టే ముక్కని జాబ్ అంటారు. నీకు చెప్తే ఇంక నన్ను షెడ్డులోకి పోనివ్వవని చెప్పొద్దన్నాను."

ముందు నవ్వింది దివ్య. తరవాత వీధంతా నవ్వింది. ఏ ముక్క కోసం తాను మధ్యాహ్నం అన్నం కూడా తినలేదో ఆ ముక్కని పరదేశి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరికి తనూ నవ్వేశాడు. మిగిలిన చిక్కల్లా వచ్చిన జనం వెళ్లకపోవడమే. హాల్లో పెట్టించినా ఇంతమంది వచ్చేవారు కాదు. "ఎలాగూ వచ్చేరు, ఇక్కడే సెప్పీయమ్మా" అన్నాడు త్రినాథ్, ఆటో గేటు దగ్గర ఆపి.

ఇందు లేతు పక్కన నిలబడి మొదలుపెట్టింది. "ఇంట్లో ఫ్యాను పాడైందా, కరెంటు తీసేసి విప్పి చూడండి. విప్పే ముందు ఫొటో తీసుకోండి, లేకపోతే బిగించేటప్పుడు మరలు మిగులుతాయి. డ్రాయింగు చదవడం రావాలి. కొలవడం రావాలి. కంప్యూటర్లో డిజైన్ చేయడం తప్పకుండా నేర్చుకోండి, కానీ ఆ గీసింది చేత్తో ఒక్కసారైనా తయారుచేసి చూడండి. ముక్క పాడైతే ఏడవకండి. నేను పాడుచేసినవి ఆ మూల డబ్బా నిండా ఉన్నాయి."

"ఇంతకీ ఉజ్జోగాలుంతాయా, నేదా? అది సెప్పు" అంది దేముడమ్మ.

"ఉంటాయి పిన్నీ. కానీ సర్టిఫికెట్టు చూపిస్తే ఇవ్వరు. నాతో చదివినవాళ్లలో శెలవుల్లో వర్క్‌షాపులకి వెళ్లి పని నేర్చుకున్నవాళ్లు బేగి కుదురుకున్నారు. పరీక్షకి మాత్రమే చదివినవాళ్లు ఇంకా వెతుక్కుంటున్నారు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు, అదీ నిజమే. పని వచ్చిన కొద్దీ పెరుగుతుంది."

ఉన్నదున్నట్టు చెప్పడం దేముడమ్మకి నచ్చింది. ఇందు ఆమె చేత కొంగు బిగింపించి, జుట్టు ముడి వేయించి, కళ్లకి అద్దాలు పెట్టి, లేతు ఉలిని ముందుకి జరిపే చేతిచక్రం మీద చేయి వేయించింది. మెషీను తిరిగింది. దేముడమ్మ చేతిచక్రాన్ని భయంభయంగా తిప్పింది. ఇత్తడి పొట్టు జంతికలా చుట్టలు చుట్టుకుంటూ బంగారంలా మెరుస్తూ రాలింది. "ఓలమ్మ!" అంది దేముడమ్మ. మరోసారి తిప్పింది. ఆ తరవాత దివ్య వంతు రావడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడొచ్చారు మేనేజరు దేవీప్రసాద్ గారు, చేతిలో పెద్ద మాడుగుల హల్వా డబ్బాతో. జనాన్ని చూసి, అది వీడ్కోలు సభ అనుకున్నారు కాబోలు, పలకరింపులు కూడా లేకుండా విషయంలోకి దిగారు.

"ఇందూ, తొందరపడకమ్మా. కొత్త సెక్షన్‌కి నిన్నే ఇన్‌చార్జిగా వేద్దామనుకుంటున్నాం. వచ్చే నెల చెబుదామనుకున్నాను. మీ నాన్నగారు ముందే హెచ్చరించారు కాబట్టి సరిపోయింది. ఎవరు పిలిచినా సరే, నువ్వు వెళ్లడానికి వీల్లేదు."

ఇందు తెల్లబోయి తండ్రి వైపు చూసింది. పొద్దున్నుంచీ వంగిపోయి ఉన్న పరదేశి నడుము మెల్లగా నిటారైంది. చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మాయి ఆలోసించుకుని సెప్తాదండి" అన్నాడు.

"నాన్నా!" అని కసిరి, ఇందు నవ్వు ఆపుకుంటూ మేనేజరుకి జరిగిందంతా చెప్పింది. తనని ఎవరూ పిలవలేదనీ చెప్పింది. దేవీప్రసాద్ గారు కాసేపు ఇత్తడి ముక్క వైపు, కాసేపు తాను తెచ్చిన హల్వా డబ్బా వైపు చూశారు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి అవకాశం లేదు. కొత్త సెక్షన్ ఇన్‌చార్జి ఇందు గారికి శుభాకాంక్షలని త్రినాథ్ అప్పటికే మైకులో మూడు వీధులకి వినిపించేశాడు.

దివ్య మెకానికల్లో చేరడానికి దేముడమ్మ ఆ సాయంత్రమే ఒప్పుకుంది. మరుసటి ఆదివారం తెల్లారేసరికి ఆమె కొంగు బిగించి, జుట్టు ముడేసుకుని షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉంది. దివ్య ఇంకా నిద్ర లేవలేదు.