ప్రమాదం జరగని రోజులు

మా కాలనీ ఆవరణలోని బాదం చెట్టుకు కందిరీగలు గూడు పెట్టిన సంగతిని, చైత్ర మాసపు మిట్టమధ్యాహ్నం జరిగిన సర్వసభ్య సమావేశంలో మా నివాసుల సంక్షేమ సంఘం అధికారికంగా గుర్తించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అంతకుముందు గూడు లేదా అంటే, ఉంది. గుర్తింపే లేదు. గుర్తింపు లేని గూటిలోని ఈగలు కుట్టినా కుట్టినట్టు కాదని మా సంఘం నియమావళి.

ఆ గూడును అందరికంటే ముందు చూసింది రోజారమణి. దువ్వాడ స్టేషన్‌కు అవతలి ఊరి నుంచి రోజూ వచ్చి, ఆ బాదం చెట్టు నీడలో బండి పెట్టుకుని, కాలనీ మొత్తానికి బట్టలు ఇస్త్రీ చేసేది ఆవిడే. గూడు నిమ్మకాయంత ఉన్నప్పుడే మా కార్యదర్శి కొండలరావు గారి చెవిన వేసింది.

“బాబూ, మన సెట్టుకి కందిరీగలు గూడెడతన్నాయి. ఇప్పుడే తీయించీండి. పెద్దదైపోతే నాను బండెక్కడెట్టుకోవాల? ఈ ఎండలో బొగ్గుల పెట్టి పట్టుకుని బైట నిలబడితే బతుకుతానేటి?”

“అలగే అమ్మా, ఎజెండాలో ఎడతాను” అన్నారు కొండలరావు గారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. నిమ్మకాయ ఎజెండాలోకి ఎక్కేసరికి కొబ్బరికాయ అయింది. సమావేశానికి కోరం సరిపోయేసరికి గుమ్మడికాయ అయింది.

ఇక్కడ మా అధ్యక్షులు అచ్యుతరామయ్య గారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, ఒక పెద్ద కర్మాగారంలో భద్రతా విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ను వదిలింది గాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగించాలన్నా భార్య కాంతం గారు ఆయన దగ్గర పర్మిట్ తీసుకోవాలన్నది నిబంధన. ఆవిడ తీసుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి చర్యగా వార్డు కార్యాలయానికి అర్జీ పెట్టారు. “కందిరీగ” అన్న మాట అర్జీలో మోటుగా ఉంటుందని అధ్యక్షులే దాన్ని సంస్కరించి “ఈగల బెడద” అని రాయించారు. అర్జీకి తగ్గట్టే మనుషులు వచ్చారు. చెట్టు చుట్టూ బ్లీచింగ్ పౌడర్ చల్లి, ఫొటో తీసుకుని, చెత్త మూతలు పెట్టి ఉంచమని సలహా ఇచ్చి వెళ్లారు. కందిరీగలు పైనుంచి ఈ కార్యక్రమాన్ని ఆసక్తిగా తిలకించాయి. పౌడర్ గాలికి లేచి రోజారమణి బండి మీద తడిపి పెట్టిన బట్టల మీద పడింది. కాంతం గారి నీలం చీరకు తెల్ల చుక్కలు తేలాయి. కొత్త డిజైన్ బాగుందని ఇద్దరు ముగ్గురు షాపు పేరు కూడా అడిగారు.

రెండో చర్య పూర్తిగా శాస్త్రీయమైనది. చెట్టు చుట్టూ పసుపు నలుపు చారల టేపు కట్టారు. కందిరీగలవీ అవే రంగులు కావడంతో, తమకు స్వాగత తోరణం కట్టారని అవి అనుకుని ఉండవచ్చు. టేపు లోపలి భాగాన్ని ప్రమాద ప్రాంతంగా ప్రకటించారు. రోజారమణి బండి సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంది కాబట్టి, ఆవిడ భద్రత దృష్ట్యా, గేటు పక్కన నిలువెండలోకి తరలించారు. హుద్‌హుద్ తుఫానుకు మా కాలనీలో మిగిలిన చెట్టు అదొక్కటే. అందువల్ల ఎండకు ప్రత్యామ్నాయ నీడ చూపించడం సంఘానికి వీలు పడలేదు.

గేటు లోపల ఒక నల్లబోర్డు కూడా పెట్టారు. కర్మాగారాల్లో చూసే ఉంటారు. దాని మీద తెల్ల పెయింటుతో “మన కాలనీలో ప్రమాదం జరగని రోజులు” అని శాశ్వతంగా రాయించి, అంకెకు మాత్రం సుద్దముక్క వాడారు. లెక్క సున్నా నుంచి మొదలుపెట్టడం అశుభమని పెద్దలు అభ్యంతరం చెప్పగా, నూటపదహారు నుంచి మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే అచ్యుతరామయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పాత అంకె తుడిచి, ఒకటి పెంచి రాసేవారు. మేం వాకింగ్ ఆపి చప్పట్లు కొట్టేవాళ్లం.

కందిరీగల వల్ల లాభాలు లేవనుకుంటే పొరపాటు. చందాల వాళ్లు గేటు దాటి రావడం మానేశారు. మధ్యాహ్నం పూట తలుపు తట్టి నీళ్ల ఫిల్టర్లు అమ్మేవాళ్లు మాయమయ్యారు. చందనోత్సవానికి సింహాచలం వచ్చి, దర్శనమయ్యాక మా ఇళ్లలో నాలుగు రోజులు విశ్రాంతి తీసుకునే బంధువులు ఈసారి కొండ దిగి నేరుగా బస్సెక్కారు. గూటిని అలాగే ఉంచి పోషించాలని ఒక తీర్మానం కూడా సిద్ధమైంది. ఎండదెబ్బకు రోజారమణి ఒకసారి గేటు దగ్గర కూలబడిన సంగతి ఆ తీర్మానంలోకి రాలేదు. కాంతం గారు మజ్జిగ పట్టుకెళ్లి ఇచ్చినట్టు తెలుస్తోంది.

ఇక మూడో చర్య. కందిరీగలు దాడి చేస్తే ఏం చేయాలో నివాసులకు తెలియాలంటే మాక్ డ్రిల్ జరపాలని అధ్యక్షులు నిర్ణయించారు. సైరన్ మోగగానే అందరూ ఇళ్లలోకి వెళ్లి తలుపులు, కిటికీలు బిగించుకోవాలి. ఒకరు మాత్రం బాధితులుగా బయట పడి ఉండాలి. ఎవరు పడి ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సభలో అందరికీ నడుంనొప్పి గుర్తొచ్చింది.

“మన రోజారమణి ఉందిగా!” అన్నారు అధ్యక్షులు.

ఆ “మన” అన్న మాటకు సభ కరిగిపోయింది. గేటు దగ్గర నుంచి పిలిపించిన రోజారమణి మాత్రం చెట్టు వైపు చూసింది.

“ఆ సెట్టు దగ్గర పడుకోమంటారేటి బాబూ? పైనున్నవి లెగిస్తేనో?”

“అమ్మా, ఇది ఉత్తుత్తి ప్రమాదం. ఉత్తుత్తి ప్రమాదంలో నిజం కందిరీగలకు పాత్ర లేదు. ఇది విజయవంతమైతే టేపు వెనక్కి జరిపిస్తాను. నీ బండి మళ్లీ నీడలోకి వచ్చేస్తుంది.”

నీడ అనేసరికి ఆవిడ ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున్న డ్రిల్. సైరన్ తెచ్చారు. తగిలించడానికి అనువైన మేకు బాదం చెట్టు మొదలుకే ఉంది కాబట్టి అక్కడే తగిలించారు. అధ్యక్షులు మైకులో సుదీర్ఘంగా ప్రసంగించారు. “మిత్రులారా, ప్రమాదం చెప్పి రాదు. కానీ మన కాలనీకి రావాలంటే మాత్రం చెప్పి రావాలి. ఆ క్రమశిక్షణ మనం నేర్పాలి!” కరతాళధ్వనులు మిన్నుముట్టాయి. తర్వాత సైరన్ మోగింది. చెట్టు మొదలంటా వణికింది.

కందిరీగలు తమకు పాత్ర లేదన్న సంగతి వినలేదు. ఒక్కుమ్మడిగా లేచాయి. మేం నిబంధనల ప్రకారం ఇళ్లలోకి దూరి గడియలు వేసుకున్నాం. ఆ వేగాన్ని అధ్యక్షులు తర్వాత ప్రత్యేకంగా అభినందించారు.

“ఓలమ్మో! కుట్టీసినాయి! తలుపు తియ్యండి బాబూ! సచ్చిపోతన్నాను, తలుపు తియ్యండి!”

రోజారమణి ఒక్కో తలుపూ బాదుకుంటూ పరుగెత్తింది. కిటికీ అద్దాల వెనక మేం మైమరచిపోయాం. అంత సహజమైన నటన మా కాలనీ వార్షికోత్సవాల్లో కూడా చూడలేదు. కొందరు వీడియో తీశారు. ఇంట్లోంచే మైకు పట్టుకున్న అచ్యుతరామయ్య గారు, “బాధితురాలి హావభావాలు గమనించండి! ఎవరూ తలుపు తీయవద్దు, డ్రిల్ ముగియలేదు!” అని వ్యాఖ్యానిస్తున్నారు.

ఆయన వెనకనుంచి కాంతం గారు వచ్చి, ఏ పర్మిట్టూ లేకుండా తలుపు తీసి, చేతిలోని దుప్పటి కప్పి రోజారమణిని లోపలికి లాక్కున్నారు. అప్పుడు గాని అది నటన కాదని తేలలేదు. ఆవిడ ముఖం బూరెలా పొంగింది, ఒక కన్ను మూసుకుపోయింది. కుట్టినచోట ఇనుము రుద్దాలన్నారు. ఉక్కు నగరంలో ఇనుముకేం కొదవ? తలా ఒక తాళంచెవి తెచ్చి సానుభూతి ప్రకటించారు. కాంతం గారు వాటిని పక్కకు నెట్టి ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

సాయంత్రం అత్యవసర సమావేశం. ఎజెండాలో ఒకటే అంశం. బోర్డు మీద అంకె ఏం చేయాలి?

“సున్నా ఎట్టీడమే కదా బావా” అని ఎవరో వెనకనుంచి కొండలరావు గారితో అన్నారు. అచ్యుతరామయ్య గారి ముఖం చూసి ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆయన లేచి, గొంతు సవరించుకున్నారు.

“ఉద్వేగం వద్దు. నియమావళి చూద్దాం. రోజారమణి మన రోజారమణే, కాదనను. కానీ ఆమెకు ఇక్కడ ఇల్లు లేదు, సభ్యత్వం లేదు. కాబట్టి జరిగింది ప్రమాదమే గాని, మనకు జరిగిన ప్రమాదం కాదు.”

అయితే బోర్డు మీద “మన కాలనీ” అని ఉంది. “మన” అంటే అందులో ఆవిడ కూడా వస్తుంది. ఆవిడ ఎప్పుడూ మన సెట్టు, మన కాలనీ అనే అనేది. ఈ చిక్కును భాషాజ్ఞానంతో విప్పారు. మర్నాడు పెయింటరు వచ్చి, “మన” చెరిపి, “మా” అని రాశాడు. “మా కాలనీలో ప్రమాదం జరగని రోజులు.” తెలుగు ఎంత గొప్ప భాషో చూడండి. ఒక్క అక్షరం తీసేస్తే ఒక మనిషి బయటికి వెళ్లిపోతుంది. వేరే భాషల వాళ్లయితే దీనికి పెద్ద గోడ కట్టుకోవాలి. అంకె ఒకటి పెరిగింది. చప్పట్లు కొట్టాం.

రోజారమణి కన్ను తెరుచుకున్నాక వచ్చింది. బోర్డు వైపు కాసేపు చూసింది. తర్వాత బండి తోసుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే మా కాలనీలో అసలు సంక్షోభం మొదలైంది. చొక్కాలు నలిగాయి. ద్వారకా నగర్‌లో ఒక పెళ్లి రిసెప్షన్‌కు మేం పదిమందిమి వెళ్తే, ఏదైనా రైలు ప్రమాదం నుంచి వస్తున్నారా అని పెళ్లివారు పరామర్శించారు. ఆ రాత్రికి రాత్రే సంఘం ఏకగ్రీవంగా స్పందించింది. మర్నాడు పొగపెట్టి గూళ్లు దించే మనిషిని పిలిచారు. అతను వచ్చాడు, పొగ పెట్టాడు, గూడు దించాడు, టీ తాగి వెళ్లాడు. ఇంత తేలికని తెలిస్తే ముందే చేసేవాళ్లం కదా అని అందరూ ఆశ్చర్యపోయారు.

రోజారమణిని తిరిగి ఆహ్వానించడానికి కొండలరావు గారినీ నన్నూ ప్రతినిధులుగా పంపారు. ఆవిడ పక్క కాలనీ గేటు దగ్గర, ఒక కానుగ చెట్టు కింద బండి పెట్టుకుని ఉంది. కనురెప్ప మీద ఇంకా నల్లటి మచ్చ ఉంది.

“గూడు తీయించీసినాం రోజారమణీ” అన్నారు కొండలరావు గారు. “మన సెట్టు నీడ నీ కోసం ఖాళీగా ఉంది. వొచ్చీ. నువ్వు మన మనిషివి కదేటి.”

ఆవిడ చొక్కా చెయ్యి ఇస్త్రీ చేయడం పూర్తి చేసి, మడత పెట్టి, అప్పుడు తలెత్తింది.

“మా సెట్టు కింద మాకు బాగానే ఉంది బాబూ. మీ కాలనీలో పెమాదాలేటీ జరగనేదంట కదా. నానొచ్చి మీ లెక్క పాడు సెయ్యడమెందుకు?”

తిరిగొచ్చేటప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. ఆ “మా” ఎక్కడో కుట్టింది, ఇనుము రుద్దితే పోయేలా లేదు. కొండలరావు గారు మాత్రం, రోజారమణి సానుకూలంగా పరిశీలిస్తున్నట్టు సంఘానికి నివేదించారు.

మర్నాడు పొద్దున్న అచ్యుతరామయ్య గారు నలిగిన చొక్కాతోనే వచ్చి, పాత అంకె తుడిచి, ఒకటి పెంచి రాశారు. మేం చప్పట్లు కొట్టాం. మీరు కూడా కొట్టండి, మొహమాటపడకండి. మీరూ మనవాళ్లే కదా.